పొగ రాని ఎనిమిదేళ్లు

మా ఆడపడుచు గుమ్మంలో చెప్పులు విప్పకముందే నా మంట బాగాలేదంది.

వంటింటి మంట అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు. నా వంట మీద నాకే పెద్ద భ్రమలు లేవు. మా ఆయన ఇరవై రెండేళ్లుగా తింటున్నాడు, బతికే ఉన్నాడు, అది చాలు. ఆమె అన్నది రిఫైనరీ మంటను. తొంభై మీటర్ల గొట్టం కొసన రాత్రనక పగలనక వెలిగే మంట అది. ఎనిమిదేళ్లుగా దాని బాగోగులు నా చేతిలో ఉన్నాయి. దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే నాకు ఒళ్లు మండుతుంది.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. చమురు శుద్ధి చేసేచోట ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఒత్తిడి పెరుగుతుంది, ఏదో ఒక యంత్రం మొరాయిస్తుంది. అప్పుడు మిగిలిపోయే గ్యాసును ఊరి మీదికి వదిలేయకూడదు కాబట్టి ఆ గొట్టంలోకి పంపి కొసన కాల్చేస్తాం. దాన్నే ఫ్లేర్ అంటారు. ఉత్తినే కాలిస్తే నల్లటి పొగ లేస్తుంది. అందుకని గొట్టం మూతి చుట్టూ ఆవిరి చిమ్ముతాం. ఆవిరి చుట్టుపక్కల గాలిని లాక్కొస్తుంది, గ్యాసు ఆ గాలితో కలిసి పొగ లేకుండా కాలుతుంది. ఆవిరి ఎంత పోవాలో నిర్ణయించే నాబ్ కంట్రోల్ రూములో నా కుర్చీకి కుడిపక్కన ఉంటుంది. మిగతావన్నీ కంప్యూటర్ తెరల్లోకి వెళ్లిపోయినా ఆ నాబ్ ఒక్కటీ పాతకాలంనాటిదే మిగిలింది. దాన్ని తిప్పీ తిప్పీ నా వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి.

నేను ఆ కుర్చీలో కూర్చున్న ఎనిమిదేళ్లలో నా షిఫ్టులో ఒక్కసారి కూడా పొగ రాలేదు. లాగ్‌బుక్కులో పొగ అని ఒక గడి ఉంటుంది, అందులో ప్రతిరోజూ ‘లేదు’ అని రాసి సంతకం పెట్టాను. కుర్ర ఆపరేటర్లు నన్ను ‘ఆవిరి పిన్ని’ అంటారు. వెక్కిరింపుగా మొదలై గౌరవంలోకి దిగిన పేరది. ప్రహరీ అవతల మొదటి మేడ ఒక లాండ్రీది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు ఉతికి ఆ మేడ మీదే ఆరేస్తారు. నాకు ముందు నాబ్ చూసినవాళ్ల కాలంలో లాండ్రీ పెద్దాయన రోజూ ఫోన్ చేసి తిట్టేవాడట. నేను వచ్చాక మిగతా షిఫ్టులవాళ్లూ నా పద్ధతే పట్టారు, ఆ ఫోన్ మూగపోయింది. ఎప్పుడైనా గేటు దగ్గర కనబడితే, “అంతా నీ చేతి చలవమ్మా,” అంటాడు. నేను పైకి నవ్వి ఊరుకుంటాను కానీ ఆ పూట రెండు అంగుళాలు ఎత్తుగా నడుస్తాను.

అలాంటి నాతో ఆమె అన్న మాట ఇది: “వదినా, బస్సులోంచి చూశా. మీ ఫ్లేర్‌కి మంటే కనపడట్లేదు.”

“అదేగా గొప్ప!” అన్నాను.

“అదే గొడవ,” అంది చెప్పులు విప్పుతూ.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. మా చిన్నమ్మాయి ఆ మిగతా సగం కూడా తనే తీసుకునే రకం. ఇంట్లో అందరూ ఆమెను చిన్నమ్మాయి అనే పిలుస్తారు, ముప్పై ఆరేళ్లొచ్చినా సరే. ఫ్లేర్‌లకు కొలతల పరికరాలు బిగించి, చట్టం చెప్పినట్టు కాలుతున్నాయో లేదో చూసే కంపెనీలో ఇంజనీరు. పర్యావరణ బోర్డు కొత్త నిబంధన పెట్టింది కాబట్టి మా రిఫైనరీ ఆ కంపెనీని పిలిచింది, కంపెనీ ఆమెను పంపింది, ఆమె మూడు వారాలు మా ఇంట్లో దిగింది. విధి ఎంత తీరిగ్గా పని చేస్తుందో చూడండి.

పాత నిబంధనకు పొగ ఒక్కటే లెక్క. కొత్తదానికి పొగ చాలదు, గ్యాసు నిజంగా కాలిందా లేదా అన్నది చూపించాలి. చిన్నమ్మాయి వారం రోజుల్లో గొట్టానికి గ్యాసు మీటరూ, ఆవిరి మీటరూ, గ్యాసులో ఏముందో పసిగట్టే పెట్టె కూడా బిగించింది. అవన్నీ కలిపి నా ముందు ఒక కొత్త తెర మీద ఒక అంకె చూపిస్తాయి. గ్యాసూ ఆవిరీ కలిశాక ఆ కలగలుపులో కాలే సత్తా ఎంత మిగిలిందో చెప్పే అంకె. దాని అసలు పేరు చాంతాడంత ఉంది, మేము వేడంకె అని కుదించాం. పావుగంటకోసారి సగటు తీస్తుంది. అది రెండు వందల డెబ్బైకి తగ్గకూడదు.

మొదటిరోజు అది నూట నలభై చూపించింది.

“నీ మీటరు పాడైంది,” అన్నాను.

“ఆడలేనమ్మ మద్దెల ఓడందట,” అంది చిన్నమ్మాయి, నలుగురు ఆపరేటర్ల ముందు.

మా మేనేజరు ఆ మాటలు విని మా మధ్యకు వచ్చాడు. ఆయన ఏది అడిగినా ‘చూద్దాం’ అంటాడు, అందుకని ఆయన్ను వెనకాల చూద్దాం సారు అంటాం. “బోర్డు అధికారి ఈ నెలాఖరుకి వస్తారమ్మా. రెండు గంటలు పరీక్ష. ఆ రెండు గంటల్లో వేడంకె పడిపోకూడదు, పొగ మొత్తం ఐదు నిమిషాలు దాటకూడదు. చేత్తో కుదరకపోతే ఆవిరిని కంప్యూటర్‌కి అప్పగించేద్దాం. ఆ పాత నాబ్ పీకేయొచ్చు. చూద్దాం.”

నాకు చివరి మాట వినబడలేదు. నాబ్ పీకేయొచ్చు అన్నది మాత్రం రెండు చెవుల్లోనూ వినబడింది.

ఆ సాయంత్రం ఇంట్లో నేను గిన్నెలతో మాట్లాడాను, మనుషులతో మాట్లాడలేదు. మా ఆయనకు కళ్లజోళ్ల కొట్టు ఉంది. రోజంతా ఎదుటివాళ్లకు ఏది కనిపిస్తుందో ఏది కనిపించదో అడగడమే ఆయన పని, ఇంట్లో మాత్రం ఏదీ చూడనట్టు ఉంటాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అటు తోడబుట్టింది, ఇటు కట్టుకున్నది.

“నీ చెల్లెలు నా ఉద్యోగం పీకడానికొచ్చింది,” అన్నాను.

“ఉద్యోగం కాదు వదినా, నాబ్,” అంది చిన్నమ్మాయి.

“రెండూ ఒకటే నాకు.”

“కొవ్వొత్తి వెలగాలంటే గాలి కావాలి. అలాగని ఫూ అని ఊదితే ఏమవుద్ది? నువ్వు ఎనిమిదేళ్లుగా ఊదుతున్నావు. పొగ లేదు నిజమే. మంటా లేదు.”

“అన్నం చల్లారిపోతోంది,” అన్నాడు మా ఆయన, ఎవరివైపూ చూడకుండా.

మర్నాడు ఆమె నన్ను బలవంతంగా లాండ్రీ మేడ మీదికి తీసుకెళ్లింది. గొట్టం అక్కడినుంచి బాగా కనిపిస్తుందట. లాండ్రీ పెద్దాయనను నేను బాబాయ్ అంటాను, మమ్మల్ని చూసి పొంగిపోయాడు. తనే ముందు మెట్లెక్కి, ఆరేసిన దుప్పట్లను పక్కకు జరిపి, మాకు దారి చేశాడు. వరసల వరసల తెల్ల దుప్పట్లు. ఒక్కదాని మీద కూడా మచ్చ లేదు. “చూశావా పాపా,” అన్నాడు చిన్నమ్మాయితో, “ఇదంతా మీ వదిన చేతి చలవే.” నేను ఆమె వైపు ఒక చూపు చూశాను. విన్నావా అని దాని అర్థం.

చిన్నమ్మాయి మూడు కాళ్ల స్టాండు మీద ఒక కెమెరా బిగించింది. కంటికి కనబడని గ్యాసును చూపించే కెమెరా అది. ముందు నన్ను ఉత్త కళ్లతో గొట్టం వైపు చూడమంది. నీలంగా ఖాళీ ఆకాశం. మూతి దగ్గర కొంచెం తెల్లటి ఆవిరి, అంతే. తర్వాత కెమెరాలో చూడమంది.

కెమెరాలో ఆకాశం ఖాళీగా లేదు. గొట్టం మూతి నుంచి బూడిద రంగు మేఘం ఒకటి బయలుదేరి, గాలివాలుకు వంగి, ప్రహరీ దాటి, నెమ్మదిగా మేము నిలబడిన మేడ మీదికే వస్తోంది.

“అది ఆవిరే,” అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

“ఆవిరైతే అదిగో, ఆ కాస్త దూరంలోనే చెదిరిపోద్ది. ఇది చెదిరిందా? కాలని గ్యాసు వదినా ఇది. నువ్వు ఎక్కువ పోసిన ఆవిరి మంటను చల్లబరిచేసింది, కాలాల్సింది కాలకుండా ఇలా పైనుంచి పోతోంది.”

నేను మళ్లీ చూశాను. దుప్పట్ల మీదుగా, పక్కింటి నీళ్ల ట్యాంకు మీదుగా, అవతల వీధి మీదుగా పోతోంది. నా లాగ్‌బుక్కులు గుర్తొచ్చాయి. ‘లేదు’, సంతకం. ‘లేదు’, సంతకం. నిజంగా సిగ్గేసింది. ఎవరో తిడితే వచ్చే సిగ్గు కాదు. ఎవరూ తిట్టకుండా పొగిడినందుకు వచ్చిన సిగ్గు.

“ఏం కనపడుతోందమ్మా అందులో?” అన్నాడు లాండ్రీ బాబాయి వెనకనుంచి, ఒక దుప్పటి మడత పెడుతూ.

“ఏమీ లేదు బాబాయ్,” అన్నాను.

చిన్నమ్మాయి కెమెరా సర్దుకుంది. కిందికి దిగేటప్పుడు సగం మెట్ల మీద ఆగి, “పొగ రాకూడదని బాబాయి దగ్గర కూడా ఆవిరి పోశావుగా,” అంది. నేను ఆమెను దాటుకుని మిగతా మెట్లు దిగేశాను.

నాకు ఒక గుణం ఉంది. తప్పు ఒప్పుకోవడానికి చచ్చినంత పని అవుతుంది కానీ, లోపల ఒప్పుకున్నాక దాన్ని సరిచేసేదాకా అన్నం సహించదు. మర్నాడు పొద్దున్నే చిన్నమ్మాయిని నా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకుని, “సరే, ఎక్కడ ఆపాలో చెప్పు,” అన్నాను.

ఆమె చెప్పింది వింటే మీకూ మతిపోతుంది. పొగ ఇంకాసేపట్లో వస్తుందనిపించే చోట మంట అన్నిటికన్నా బాగా కాలుతుందట. అంటే నేను ఎనిమిదేళ్లుగా ఏ అంచు నుంచి ఆమడ దూరం పారిపోయానో సరిగ్గా ఆ అంచు మీదే నిలబడాలి. అలాగని ఆవిరి పూర్తిగా కట్టేయకూడదు, గొట్టం మూతి కాలిపోతుంది. నాబ్ నూటికి ఎనభై దగ్గర ఉండేది. ఆమె నలభైకి దించమంది. నేను డెబ్బై ఎనిమిదికి దించాను.

“నలభై వదినా.”

“దించుతున్నాగా!”

“రెండు దించావు.”

“ఎనిమిదేళ్ల అలవాటు, ఎనిమిది సెకన్లలో పోద్దా?”

దించాను. డెబ్బై, అరవై, యాభై. వేడంకె నిచ్చెనెక్కినట్టు ఎక్కింది. ఫ్లేర్ కెమెరా తెర మీద, ఇన్నాళ్లూ ఆవిరి తప్ప ఏమీ కనిపించని చోట, నారింజ రంగు నాలుక ఒకటి బయటికొచ్చింది. నలభై రెండు దగ్గర దాని కొస కాస్త ముదురు రంగుకు తిరిగింది. నా చెయ్యి దానంతటదే పైకి తిప్పబోయింది. చిన్నమ్మాయి నా చేతి మీద ఒక్కటి వేసింది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆమె నా మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. నవ్వొచ్చింది, ఇద్దరికీ.

ఆ తర్వాత రెండు వారాలు నేను కొత్తగా చేరినదానిలా పని నేర్చుకున్నాను. తేలిక గ్యాసు వస్తే మంట ఎంత లేతగా ఉంటుందో, బరువు గ్యాసు వస్తే కొస ఎంత త్వరగా ముదురుతుందో, గాలి ఎటు వీస్తే ఎంత తిప్పాలో రాసుకున్నాను. నాకు తెలియని సంగతి ఆమె చెప్పింది, ఆమె అంకెలకు అందని సంగతి నేను చెప్పాను. అంకె మారడానికి నిమిషం ముందే మంట రంగు మారుతుందని కనిపెట్టింది నేనే. ఆ మాట చెప్పినప్పుడు ఆమె తన పుస్తకంలో రాసుకుంది, నేను దొంగచూపుతో చూశాను, ‘వదిన చెప్పింది’ అని రాసింది. ఇంట్లో కూడా వాతావరణం మారింది. ఇద్దరం కలిసి మా ఆయన్ను వేళాకోళం చేయడం మొదలుపెట్టాం. ఆయన పాత రోజులే బాగున్నాయన్నాడు.

కానీ లాండ్రీ బాబాయికి మాత్రం నేను చెప్పలేదు. వీధిలోకి మంట కొత్తగా కనబడుతోందని కింది ఆఫీసుకు రెండు మూడు ఫోన్లొచ్చాయి, ఆయన దగ్గరనుంచి ఒక్కటి కూడా రాలేదు. నా మీద ఆయనకున్న నమ్మకం అలాంటిది. గేటు దగ్గర ఎదురుపడకుండా నేనే వెనకదారిన వెళ్లేదాన్ని.

పరీక్ష రోజు పదింటికి బోర్డు అధికారి వచ్చాడు. టోపీ, చేతిలో స్టాప్‌వాచ్. కుర్చీ వేస్తే కూర్చోలేదు, టీ ఇస్తే తాగలేదు. ఆరుబయట నిలబడి తల ఎత్తి గొట్టం వైపు చూస్తూ ఉండిపోయాడు. పొగ కనబడితే వాచ్ నొక్కుతాడు, ఆగితే ఆపుతాడు. ఆయనకు వేరే పనీ లేదు, వేరే మాటా లేదు. లోపల వేడంకె దానంతటదే నమోదవుతోంది. నేను నాబ్ దగ్గర, చిన్నమ్మాయి వెనక గోడ దగ్గర. పరీక్ష జరుగుతున్నప్పుడు ఆమె నాతో మాట్లాడకూడదు. ఆమె జీవితంలో అంతకంటే కష్టమైన రెండు గంటలు ఉండి ఉండవు.

మొదటి గంట మూడు వందల పది, మూడు వందల ఇరవై. హాయిగా నడిచింది. మేనేజరు గుమ్మంలోంచి తొంగిచూసి వెళ్లాడు.

గంటా పది నిమిషాలకు మిగులు గ్యాసును వెనక్కి లాగే కంప్రెసర్ ఆగిపోయింది. ఎవరి తప్పూ కాదు, యంత్రాలకు కూడా రోజులు ఉంటాయి. అది లాగాల్సిన గ్యాసంతా ఒక్క ఊపున ఫ్లేర్ గొట్టంలోకి వచ్చింది, అదీ బరువు గ్యాసు. తెర మీద మంట మూడింతలు పెరిగింది. కొస ముదిరింది, నల్లబడింది, ఆ నలుపు తెగి పైకి లేచింది.

పొగ. నా షిఫ్టులో. ఎనిమిదేళ్ల తర్వాత.

బయట స్టాప్‌వాచ్ నొక్కిన చప్పుడు నాకు వినబడే దూరం కాదు, కానీ వినబడింది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. “తెరవండమ్మా, మొత్తం తెరవండి!”

ఆయన నోట చూద్దాం అన్నమాట లేకుండా ఒక వాక్యం రావడం నేను మొదటిసారి విన్నాను. మొత్తం తెరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అర నిమిషంలో పొగ మాయమవుతుంది, నా రికార్డు కూడా దాదాపు దక్కుతుంది. ఇన్నాళ్లూ చేసింది అదే. కానీ ఈ ఊపు రెండు మూడు నిమిషాలదే. గ్యాసు తగ్గగానే అంత ఆవిరి మంటను మింగేస్తుంది, పావుగంట సగటు నేలకు దిగుతుంది, కాలనిదంతా మళ్లీ ఆ మేడ మీదుగా పోతుంది. నా కుడిచెయ్యి నాబ్‌ను మొత్తం తిప్పేయాలని కొట్టుకుంటోంది. ఎడమచేత్తో దాని మణికట్టు పట్టుకున్నాను.

“చూద్దాం సార్,” అన్నాను.

గోడ దగ్గర చిన్నమ్మాయి దగ్గుతో నవ్వు కప్పుకుంది.

నలభై ఐదు. ఆగాను. యాభై. ఆగాను. యాభై నాలుగు. పొగ పలచబడింది కానీ పోలేదు. మేనేజరు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. నేను తెర మీద రంగు తప్ప ఇంకేదీ చూడలేదు. యాభై ఏడు దగ్గర నలుపు తెగిపోయింది, మంట కొస ముదురు నారింజకు తిరిగింది. అప్పుడే గ్యాసు తగ్గడం మొదలైంది. అంకె కదలకముందే రంగు లేతబడటం చూశాను, వెంటనే దించడం మొదలుపెట్టాను. యాభై రెండు, నలభై ఆరు, నలభై ఒకటి.

పరీక్ష ముగిశాక అధికారి లోపలికొచ్చి, టోపీ తీసి, కాగితం మీద చూసి చదివాడు. పొగ రెండు నిమిషాల నలభై సెకన్లు. వేడంకె అన్ని పావుగంటల్లోకీ తక్కువలో తక్కువ రెండు వందల ఎనభై ఎనిమిది. రెండూ హద్దులోనే. అప్పుడు టీ అడిగాడు.

“నాబ్ ఉంటుందమ్మా,” అన్నాడు మేనేజరు. ఒక్క క్షణం ఆగి, “ఇక చూసేదేం లేదు,” అని కూడా అన్నాడు.

నేను లాగ్‌బుక్కు తీసి పొగ గడిలో రెండు నిమిషాల నలభై సెకన్లు అని రాసి, సంతకం పెట్టి, కిందికి దిగాను. ఆఫీసులో గుమాస్తా ఫోన్ మీద చెయ్యి మూసి పట్టుకుని ఉన్నాడు. ఫిర్యాదు ఫోన్లకు ‘విచారిస్తున్నామండీ’ అని చెప్పమని గోడ మీద కాగితం అంటించి ఉంటుంది. “పిన్నీ, లాండ్రీ ఆయన. విచారిస్తున్నామంటే ఊరుకోవట్లేదు.”

ఫోన్ తీసుకున్నాను.

“నేనే బాబాయ్.”

“నువ్వున్నావా? నువ్వు సెలవేమో, ఎవడో చేతకానోడు కూర్చున్నాడేమో అనుకుని చేశానమ్మా. నాలుగు దుప్పట్ల మీద నల్ల చుక్కలు!”

“నేనే కూర్చున్నా.”

అవతల ఉతుకుడు యంత్రం చప్పుడు మీదుగా గొంతు పెంచాడు. “ఎనిమిదేళ్లలో ఒక్కసారి రాలేదు. ఇవాళేమొచ్చింది?”

“ఎనిమిదేళ్లూ వచ్చింది బాబాయ్,” అన్నాను. “మీకు కనపడకుండా వచ్చింది. ఆవిరి ఎక్కువ పోసి మంటను ముంచేశా. కాలని గ్యాసు మీ మేడ మీదుగానే పోయింది. ఆ రోజు కెమెరాలో ఏం కనపడుతోందని మీరడిగితే ఏమీ లేదన్నా. అబద్ధం చెప్పా.”

“అప్పుడే చెప్పొచ్చుగా?”

“చేతి చలవ అన్నారుగా మీరు. ఆ మాట పోతుందని భయమేసింది.”

ఆయన తిట్టాడు. నా కోసం ఇన్నాళ్లూ దాచిపెట్టినట్టు తీరిగ్గా, వరసగా తిట్టాడు. గుమాస్తా నా మొహం చూసి కుర్చీ తెచ్చి వేశాడు. నేను ఆఁ అంటూ విన్నాను. ప్రతి మాటకూ నా గుండె తేలికవుతోంది, అదేం విచిత్రమో. చివరికి ఊపిరి తీసుకుని, “నీ చదువంతా నాకెందుకుగానీ, ఒక్కముక్క చెప్పు. మంట కనపడితే మంచిదా, కనపడకపోతే మంచిదా?” అన్నాడు.

“కనపడితేనే.”

“నల్లగానా?”

“నల్లగా కాదు. నారింజ రంగులో, కొస కాస్త ముదురుగా.”

“సరే. ఇకనుంచి కనపడకపోతే ఫోన్ చేస్తా. ఆ నాలుగు దుప్పట్లూ పక్కన పెట్టా. సాయంత్రం వచ్చి నువ్వే ఉతుకు.” ఫోన్ పెట్టేశాడు.

వెళ్లాను. చిన్నమ్మాయి కూడా వచ్చింది. యంత్రంలో వేయనివ్వలేదు ఆయన, తొట్టిలో చేత్తో ఉతకమన్నాడు. చిన్నమ్మాయికి మీటర్లు బిగించడం వచ్చుగానీ దుప్పటి పిండటం రాదు. చెరో కొస పట్టుకుని మెలితిప్పుతుంటే ఆమె కొస జారి నీళ్లన్నీ నా మీద పడ్డాయి. “వంక పెట్టడం వచ్చినంత బాగా పని కూడా వస్తే ఎంత బాగుండు,” అన్నాను. “నా మంట బాగానే ఉంది, నీ ఆవిరే ఎక్కువైంది,” అంది. లాండ్రీ బాబాయి స్టూలు మీద కూర్చుని ఒక్కో చుక్కనూ వేలు పెట్టి చూపించాడు. నాలుగో దుప్పటికి ఆయన కూడా నవ్వాడు, అటు తిరిగి.

మర్నాడు నాకు సెలవు. చిన్నమ్మాయి పెట్టె సర్దుకుంటోంది. పొద్దున ఏడున్నరకు నా ఫోన్ మోగింది.

“అమ్మాయ్,” అన్నాడు లాండ్రీ బాబాయి, “మంట కనపడట్లేదు.”

“ఎండకు అలా ఉందేమో బాబాయ్.”

“నాకు ఎండా తెలుసు, మంటా తెలుసు. లేదు.”

ఆయన్ను అలాగే ఉండమని, మా ఆయన ఫోన్ లాక్కుని కంట్రోల్ రూముకు చేశాను. పొద్దుటి షిఫ్టులో ఉన్నది నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఎప్పుడూ కంగారుగా ఉంటాడని తొందర అని పిలుస్తాం.

“ఎంతలో పెట్టావురా?” అన్నాను.

“మామూలుగానే పిన్నీ.”

“మామూలంటే?”

నసిగాడు. “యాభై ఐదు. నిన్న పొగొచ్చిందిగా, మళ్లీ ఎవరన్నా ఫోన్ చేస్తారని...”

“వేడంకె ఎంతుంది?”

“రెండొందల ఎనభై ఒకటి.” వెంటనే సర్దుకున్నాడు. “పడిపోతోంది పిన్నీ, రెండొందల డెబ్బై ఆరు.”

“దించు.”

“పొగొస్తే?”

“రంగు చూస్తూ దించరా. ఎక్కడ ఆగాలో అదే చెబుద్ది.”

చిన్నమ్మాయి చీర మడత చేతిలోనే పట్టుకుని నా పక్కకొచ్చి నిలబడింది. ఒక చెవిలో తొందర అంకెలు చదువుతున్నాడు, యాభై, నలభై ఆరు, నలభై మూడు. రెండో చెవిలో ఉతుకుడు యంత్రం తిరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడులోంచి లాండ్రీ బాబాయి గొంతు సవరించుకున్నాడు.

“ఆఁ,” అన్నాడు. “ఇప్పుడొచ్చింది.”